నల్ల పసుపు మెసేజ్ ఫార్వర్డ్ చేసే ముందు ఇది చదవండి

"కొండల్లో దొరికే నల్ల పసుపు రోజూ చెంచాడు తింటే క్యాన్సర్, షుగర్ పోతాయి, మామూలు పసుపు కంటే ఇందులో కర్క్యుమిన్ పదింతలు ఎక్కువ, ఆదివాసీలకు జబ్బులు రాకపోవడానికి కారణం ఇదే, కంపెనీలు దాచిపెట్టాయి." ఈ మెసేజ్ ఈ నెలలో నాకు నాలుగుసార్లు వచ్చింది. మా పెదనాన్న దీన్ని నమ్మి షుగర్ మాత్రలు పక్కన పెట్టేశారు, అందుకే రాస్తున్నాను.

ముందు కర్క్యుమిన్ సంగతి. పచ్చి పసుపు కొమ్ము కోస్తే వేళ్లకు అంటుకుని రెండు రోజులైనా వదలదు చూడండి, ఆ పసుపు రంగే కర్క్యుమిన్. నల్ల పసుపు దుంప కోస్తే లోపల నీలంగా ఉంటుంది, కర్పూరం వాసన గుప్పుమంటుంది. పసుపు రంగే సరిగా లేని దుంపలో అది పదింతలు ఎలా ఉంటుంది? దీని ఘాటంతా నూనెలో ఉంది, కర్పూరం కూడా ఆ నూనెలోదే.

పోనీ కర్క్యుమినే తిన్నారనుకుందాం. మామూలు పసుపు పొడి 100 గ్రాముల్లో అది ఉండేది సుమారు 3 గ్రాములు, అందులోనూ ఒంటికి పట్టేది చాలా తక్కువ. 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ వాళ్లు మనుషులకు ఒకేసారి 2 గ్రాముల కర్క్యుమిన్ ఇచ్చి చూస్తే రక్తంలో దాదాపు కనపడలేదు, మిరియాల్లోని పైపెరిన్ 20 మిల్లీగ్రాములు కలిపితేనే పెరిగింది. అలాగని మోతాదు పెంచుకుంటూ పోతే ప్రమాదం: 2019లో ఇటలీలో పసుపు సప్లిమెంట్లు వాడిన పలువురికి కాలేయం వాచింది. కూరలో వేసుకునే చిటికెడుకు భయం లేదు.

నాకు ఎక్కువ కోపం తెప్పించింది ఆదివాసీల పేరు వాడుకోవడం. మధ్యప్రదేశ్, ఒడిశా కొండల్లో వాళ్లు నల్ల పసుపు నూరి బెణుకులకు, గాయాలకు, కీళ్ల నొప్పులకు పట్టు వేస్తారు. ఏ దుంప దేనికి, ఎంత అన్నది వాళ్లకు తెలుసు, ఆ వివరమంతా తీసేసి పేరు మాత్రం అంటించారు. ఇక జబ్బులు రావట! మన అల్లూరి జిల్లాలో మలేరియా, సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్త జబ్బు, రక్తహీనత ఎలా పీడిస్తున్నాయో, గర్భిణిని డోలీలో మోసుకొచ్చిన కుటుంబాన్ని అడగండి.

దాచిపెట్టడమా? పసుపుతో గాయాలు మాన్పడం మీద 1995లో అమెరికాలో మిసిసిపీ యూనివర్సిటీ మెడికల్ సెంటర్ పేటెంటే తీసుకుంది. మన కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ పాత గ్రంథాలు చూపించి పోరాడి 1997లో రద్దు చేయించింది. అంతా బహిరంగంగానే జరిగింది, ఇందులో దాచిందేముంది?

పెదనాన్న మళ్లీ మాత్రలు వేసుకుంటున్నారు. మిగిలిన పొడి మోకాలికి పట్టు వేసుకుంటానంటే సరేనన్నాను.