అనంతపురంలో ఒక ఇంజన్‌కు జలుబు

అనంతపురం జిల్లాకు కరవు తెలుసు. కేంద్ర బృందాలు తెలుసు. ఎండిన వేరుశనగ మొక్కను పీకి అధికారి చేతిలో పెట్టి, ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి కారెక్కే దాకా చేతులు కట్టుకుని నిలబడటం తెలుసు. దేశంలో జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వాన మాదేనని ఇక్కడి బడిపిల్లలు కూడా గుక్కతిప్పుకోకుండా చెబుతారు. ఇన్ని చూసిన జిల్లా చూడకుండా మిగిలిపోయిన విపత్తు ఒకటే: చలికాలంలో హైబ్రిడ్ కారు ఇంజన్ త్వరగా వేడెక్కకపోవడం. ఈ డిసెంబరులో మా వీధికి ఆ ముచ్చటా తీరింది.

మా ఎదురింటి పెద్దాయన విశ్రాంత ఉద్యోగి. కుమారుడు అమెరికాలో, మినియాపొలిస్‌లో ఉంటాడు. అక్కడ జనవరి రాత్రుల్లో సున్నాకు పది డిగ్రీలకు పైగా కిందికి దిగడం మామూలు. ఇంజన్ నూనె చిక్కబడుతుంది, బ్యాటరీ నీరసిస్తుంది. హైబ్రిడ్‌కు ఇంకో చిక్కు ఉంది. ఇంజన్‌ను వీలైనప్పుడల్లా ఆపేసి బ్యాటరీ మోటారుతో నడిపి పెట్రోలు మిగల్చడమే దాని విద్య. కానీ ఇంజన్ లోపలి నీరు తగినంత వేడెక్కే దాకా కంప్యూటర్ ఇంజన్‌ను ఆపనివ్వదు. అంటే చలిలో దగ్గరి ప్రయాణాలు చేస్తే హైబ్రిడ్ కాస్తా మామూలు కారైపోతుంది. 1997లో జపాన్‌లో టయోటా వాళ్ల హైబ్రిడ్ కారు ప్రియస్ వచ్చినప్పటి నుంచి చలిదేశాల వాళ్లకు ఇది తలనొప్పే. ఆ కారు రెండో తరంలో అమెరికాకు పంపిన బండ్లకైతే వేడినీటిని దాచే ఫ్లాస్కునే అమర్చారు. పిల్లవాడు తన బాధ తండ్రికి ఫోనులో చెప్పుకున్నాడు. అందులో తప్పు లేదు. ఇక్కడ తానూ హైబ్రిడ్ కారే నడిపే తండ్రి దాన్ని ఉపదేశంగా తీసుకున్నారు.

మరుసటి ఉదయం పనులు మొదలయ్యాయి. కొత్త టీవీ వచ్చిన అట్టపెట్టెను కూరగాయల కత్తితో కోసి, కారు ముందున్న గ్రిల్‌కు సరిపోయేలా అంచులు మడిచి, పురికొసతో నాలుగు ముడులు వేశారు. అట్ట మీద గాజుగ్లాసు బొమ్మ, దాని పక్కన పైకి చూడవలసిన రెండు బాణాలు ఉన్నాయి. ఆ బాణాలు మా ఇంటివైపు చూస్తున్నాయి. బోనెట్ మీద బొంత, బొంత మీద పాత జంపఖానా. అప్పుడు బయట 17 డిగ్రీలు. మినియాపొలిస్‌లో అంత వేడి వస్తే జనం చొక్కాలు విప్పి పార్కులో పడుకుంటారు.

గ్రిల్ మూయడం పిచ్చిపని కాదు, దానికీ శాస్త్రం ఉంది. బండి పరిగెడుతుంటే ముందు నుంచి దూసుకొచ్చే మంచుగాలి ఇంజన్ వేడిని లాక్కుపోతుంది, దాన్ని అడ్డుకుంటే ఇంజన్ త్వరగా వేడెక్కుతుంది. కానీ ఇంటి ముందు నిలబడి ఉన్న బండి మీదికి ఏ గాలి దూసుకొస్తుందండీ? నేను ఈ మాట అడిగాను. ఆయన నావైపు జాలిగా చూసి, "మీకు సైన్సు తెలియదు సార్" అన్నారు.

ఇక హీటరు సంగతి. అనంతపురంలో కారు హీటరు మీట ఎవరూ ముట్టుకోరు, అది ఉన్నదన్న సంగతే చాలామందికి తెలియదు. పెద్దాయన దాన్ని కనిపెట్టారు. రోజూ తెల్లవారుజామున అయిదింటికి మంకీ టోపీ, ఉన్ని శాలువా, మేజోళ్లతో కారెక్కి, అద్దాలన్నీ మూసి, హీటరును చివరిదాకా తిప్పి, ఇంజన్ ఇంకా చల్లగా ఉందని చెప్పే డాష్‌బోర్డు నీలం దీపాన్ని చూస్తూ కూర్చుంటారు. హీటరు ఇంజన్‌ను వేడి చేస్తుందని ఆయన నమ్మకం. నిజానికది ఇంజన్ దగ్గర వేడిని అప్పు తెచ్చి మన ముఖాన ఊదుతుంది. అంటే ఇంజన్‌కు జలుబు చేసిందని దాని దుప్పటి లాగి తాను కప్పుకున్నట్టు. హీటరు అడుగుతోంది కదా అని కంప్యూటర్ ఇంజన్‌ను ఆపదు. ఆపలేదు కదా, ఇంకా వేడెక్కలేదన్నమాట అని ఆయన దిగరు. పది నిమిషాలకు శాలువా తీస్తారు. పదిహేనుకు టోపీ. ఇరవైకి చొక్కా పై గుండీలు. నీలం దీపం ఎప్పుడో ఆరిపోయి ఉంటుంది, చెమట కళ్లలోకి కారుతుంటే ఆయనకు కనబడదు. చివరికి ఆవిరికుడుములా దిగి, ఇంట్లోకి వెళ్లి ముఖం కడుక్కుని, మళ్లీ వచ్చి, వీధి మలుపులో ఉన్న హోటలుకు కారులో వెళ్లి ఉగ్గాని, బజ్జీ తెస్తారు. వెళ్లిరావడం కలిపి ఎనిమిది వందల మీటర్లు. హైబ్రిడ్ ఎందుకు కొన్నారంటే మైలేజీ కోసమే.

బండి వేడెక్కాలంటే ఎక్కి మెల్లగా నడపడమే మందు, నిలబెట్టి వెలిగించడం కాదు. కుమారుడు ఈ మాట కూడా చెప్పే ఉంటాడు, ఉపదేశంలో రుచించని వాక్యాలు చెవికెక్కవు.

ఒక ఆదివారం అట్ట విప్పడం మరచి కుటుంబంతో తాడిపత్రి గుడికి వెళ్లారు. పదకొండింటికి ఎండ ముదిరింది. గ్రిల్ వెనకే ఉండే ఏసీ జాలీకి గాలి అందక లోపల వేడిగాలి తగిలింది, ఫ్యాను పిండిమరలా అరిచింది. పట్టుచీరల్లో ఉన్న ఆడవాళ్లు వేపచెట్టు కింద దిగి ఏమన్నారో ఇక్కడ రాయలేను.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. నేనూ నవ్వాను, మొన్న మంగళవారం దాకా.

మా వీధి ఊడ్చే ఆమె కూడా అయిదింటికే వస్తుంది. స్వెటర్ లేదు, చేతులకు తొడుగుల్లేవు, నోటికి కొంగు చుట్టుకుంటుంది. చల్లటి ఇంజన్ వదిలే పొగే అన్నిటికంటే చెడ్డది. సైలెన్సరు దారిలో పొగను శుభ్రం చేసే పరికరం రెండు మూడు వందల డిగ్రీలు వేడెక్కితే గానీ పని మొదలుపెట్టదు. ఆ మొదటి నిమిషాల పొగ అంతా ఆమె ముఖం మీదికి. వంగి ఊడుస్తుంది కాబట్టి సైలెన్సరు గొట్టం సరిగ్గా ఆమె ముఖం ఎత్తులో ఉంటుంది. మంగళవారం ఆమె దగ్గుతూ కారు దాటబోతే, పెద్దాయన అద్దం ఒక బెత్తెడు దించి, "ఏమమ్మా, దుమ్ము బొంత మీద పడుతోంది, నిదానంగా ఊడ్వు" అన్నారు.

బొంత మీద పడుతోందట! ఇనుముకు కప్పిన బొంత మీద! ఆమెకు జీతం ఏ నెలది ఏ నెలలో వస్తుందో ఎప్పుడైనా అడిగారా మీరు? చలికాలంలో ఒక గ్లాసు టీ ఇచ్చారా? ఇనుప ఇంజన్‌కు ఇంత వాత్సల్యమైతే మనిషి చేసిన పాపమేమిటి? నేను వీధిలోకి వెళ్లి ఈ మాటలే గట్టిగా అన్నాను. హీటరు చప్పుడులో ఆయనకు వినబడలేదు. అద్దం మళ్లీ పైకెక్కింది.

నిన్న మధ్యాహ్నం ఆయనే మా ఇంటికి వచ్చారు. కుమారుడు మళ్లీ ఫోను చేశాడట. అక్కడ కార్లను రాత్రంతా కరెంటుకు తగిలిస్తారట, ఇంజన్‌కు అమర్చిన 400 వాట్ల హీటరు తెల్లారేసరికి దాన్ని గోరువెచ్చగా ఉంచుతుందట. ఒకటి పంపమని చెప్పారు. వాళ్ల గేటు దగ్గర ప్లగ్గు లేదు, మా వరండాలో ఉంది.

"రాత్రిళ్లు కాస్త వాడుకోవచ్చా సార్?"

ఆ ప్లగ్గు ఖాళీ లేదని చెప్పాను. చలికాలమైనా మా టేబుల్ ఫ్యాను దానికే తిరుగుతోంది. ఆయన దాని ఎదురుగా కుర్చీ లాక్కుని, చెమట తుడుచుకుంటూ, ఇంకాసేపు కూర్చున్నారు.