సవరణ: వైకల్యాలు 7 కాదు, 21

బీఈడీ, డీఈఎల్‌ఈడీ (టీచర్ శిక్షణ కోర్సులు) చదువుతున్నవాళ్ల కోసం పోయిన వారం రాసిన పోస్టులో, చట్టం గుర్తించిన వైకల్యాలు 7 అని రాశాను. అది తప్పు. 7 అనేది 1995 నాటి చట్టంలోని లెక్క. దాని స్థానంలో వచ్చిన 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 ఉన్నాయి. పాత నోట్సు చూసి రాశాను, క్షమించండి.

ఇది అంకె మారడంతో పోయే తప్పు కాదు. డిస్లెక్సియా (చదవడం, రాయడం కష్టమయ్యే స్థితి) లాంటి అభ్యసన వైకల్యాలు, ఆటిజం ఆ పాత జాబితాలో లేవు. కథ నోటితో చక్కగా చెప్పి, రాయమంటే గుణింతాలూ ఒత్తులూ తారుమారు చేసే పిల్లవాడు ప్రతి బడిలోనూ కనిపిస్తాడు. వాడిని మొద్దు అనో, బద్ధకం అనో అనేస్తాం. ఇంటర్న్‌షిప్‌కి వెళ్లే మీరు ముందుగా గమనించాల్సింది అలాంటి పిల్లలనే. వాళ్లకు నోటిమాటగా జవాబు చెప్పే అవకాశం ఇవ్వండి, రాయడానికి ఇంకాస్త టైమ్ ఇవ్వండి.

ఇంకొకటి. ఉచిత విద్య 14 ఏళ్ల వరకే అని రాశాను. 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్నట్టు ధ్రువీకరణ పొందిన పిల్లలకు 2016 చట్టం ప్రకారం అది 18 ఏళ్ల వరకు. తల్లిదండ్రులకు ఇది తప్పక చెప్పండి.

పాత పోస్టులో రెండు చోట్లా సరిచేశాను.