మొదటి పేజీ అమ్మకానికి లేదు

“మీ వెబ్‌సైట్‌ను 90 రోజుల్లో గూగుల్ మొదటి పేజీకి తెస్తాం, గ్యారంటీ” అంటూ నిన్న మధ్యాహ్నం మరో ఫోన్ వచ్చింది. ఈ నెలలో ఇది నాలుగోది. ఏ మాట వెతికితే మొదటి పేజీలో కనిపిస్తామని అడిగాను. ఆయన కాస్త తడబడి, “మీరు ఏ కీవర్డ్ ఇస్తే అదే సార్” అన్నారు. మొదటి స్థానానికి ఎవరూ హామీ ఇవ్వలేరని గూగుల్ సంస్థే తన మార్గదర్శకాల్లో రాసిపెట్టింది. పని మొదలుపెట్టాక ఫలితం కనిపించడానికి నాలుగు నెలల నుంచి ఏడాది దాకా పట్టవచ్చని కూడా అక్కడే ఉంది. అయినా ఈ వ్యాపారం మూడు పువ్వులు ఆరు కాయలుగా సాగుతూనే ఉంది, ఎందుకంటే ఆ మార్గదర్శకాలను వెతికి చదివే తీరిక చిన్న దుకాణదారుకు ఉండదు. మాకూ లేకపోయింది. దానికి మేము చెల్లించిన మూల్యం 96 వేల రూపాయలు.

మా మేనమామకు భూదాన్ పోచంపల్లిలో చీరల దుకాణం ఉంది. 2020 లాక్‌డౌన్‌లో దుకాణం మూతపడి, నేసిన చీరలు బీరువాల్లోనే ఉండిపోయినప్పుడు తెలిసిన అబ్బాయి చేత ఒక వెబ్‌సైట్ చేయించాడు. నాలుగు నెలలు గడిచినా గూగుల్‌లో దాని జాడ లేదు. అప్పుడు ఎవరో చెబితే, హైదరాబాద్‌లోని ఒక సంస్థకు నెలకు 12 వేల చొప్పున ఎనిమిది నెలల ఒప్పందం మీద ఎస్‌ఈఓ పని, అంటే సెర్చ్ ఫలితాల్లో సైట్‌ను పైకి తెచ్చే పని, అప్పగించాడు. న్యాయంగా చెప్పాలంటే వాళ్లు వచ్చిన మొదటి రోజే ఒక మేలు చేశారు. సెర్చ్ ఇంజన్లు ఈ సైట్‌ను చేర్చుకోవద్దు అని చెప్పే గడి ఒకటి సైట్లు కట్టే వర్డ్‌ప్రెస్‌ సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది; సైట్ కట్టిన అబ్బాయి అందులో టిక్కు పెట్టి, తీయడం మరిచిపోయాడు. దాన్ని వాళ్లు తీశారు. అది నిమిషం పని. మిగిలిన ఎనిమిది నెలల్లో వాళ్లు చేసిన పనుల్లో అంతకు మించి ఉపయోగపడినది ఏదీ నాకు కనిపించలేదు.

నెలనెలా రంగురంగుల గ్రాఫులతో నివేదిక మాత్రం వచ్చేది. మూడు కీవర్డ్‌లలో మొదటి ర్యాంకు సాధించామని ఆకుపచ్చ రంగులో వేసేవారు. నేను కూర్చుని చూస్తే వాటిలో ఒకటి మా మామ దుకాణం పేరు, రెండోది అదే పేరుకు ఊరి పేరు జోడించినది, మూడోది ఏ మనిషీ వెతకని ఆరు మాటల ఇంగ్లీషు పదబంధం. సొంత పేరు పెట్టి పిలిస్తే పలికినందుకు నెలకు 12 వేలు కట్టామన్నమాట. హోమ్ పేజీలో వాళ్లు రాసిన ఇంగ్లీషు పేరాలో “పోచంపల్లి చీరలు, తక్కువ ధర” అనే అర్థం వచ్చే మాటలు ఎన్నిసార్లు వచ్చాయో లెక్కపెట్టలేక వదిలేశాను. దాన్ని చదివించి వినిపిస్తే మా మామ, “ఇదేంది, జపం చేస్తున్నరా?” అన్నాడు. “మెటా కీవర్డ్స్ సవరణ” పేరుతో ప్రతి నెలా బిల్లులో ఒక పద్దు ఉండేది. పేజీ కోడ్‌లో చదివేవారికి కనిపించకుండా ఉండే ఆ మెటా కీవర్డ్‌ల ట్యాగును వెబ్ ర్యాంకింగ్‌కు వాడుకోవడం లేదని గూగుల్ 2009 సెప్టెంబరులోనే బహిరంగంగా ప్రకటించింది.

ఇవన్నీ డబ్బు దండగతో పోయే సంగతులు. అసలు నష్టం బ్యాక్‌లింకుల దగ్గర, అంటే ఇతర సైట్ల నుంచి మన సైట్‌కు వచ్చే లింకుల దగ్గర జరిగింది. గూగుల్‌ను స్థాపించిన ల్యారీ పేజ్, సెర్గీ బ్రిన్ స్టాన్‌ఫర్డ్‌లో విద్యార్థులుగా ఉన్నప్పుడు రూపొందించి 1998 నాటి పరిశోధన పత్రంలో వివరించిన పేజ్‌ర్యాంక్ పద్ధతిలో, ఒక పేజీ నుంచి మరో పేజీకి ఉన్న లింకు ఒక సాక్ష్యం లాంటిది. అందులోనూ పదిమంది నమ్మే పేజీ చెప్పిన సాక్ష్యానికి విలువ ఎక్కువ. పల్లెలో పిల్ల సంబంధం గురించి వాకబు చేసేటప్పుడు ఎవరు చెప్పారు, చెప్పిన మనిషి మాటకు ఊళ్లో ఎంత విలువ ఉంది అని మనం చూసేదీ ఇదే. అయితే సాక్ష్యానికి విలువ ఉందని తెలిసిన మరుక్షణం దొంగ సాక్షులు పుట్టుకొస్తారు. పెద్దవాళ్లూ ఇందుకు మినహాయింపు కాదు. సెర్చ్ ఇంజన్‌కు ఒక పేజీ, మనుషులకు మరో పేజీ చూపినందుకు జర్మనీలోని బీఎండబ్ల్యూ వెబ్‌సైట్‌ను గూగుల్ 2006లో తన జాబితా నుంచే తొలగించింది. అమెరికాలోని జేసీ పెన్నీ దుకాణాల సైట్‌కు కొన్న లింకులు ఉన్నాయని 2011లో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టాక ఆ సైట్ ర్యాంకులు ఒక్కసారిగా పడిపోయాయి. మరుసటి ఏడాది గూగుల్ తన ర్యాంకింగ్‌లో తెచ్చిన పెంగ్విన్ అప్‌డేట్ అనే మార్పు ఇలాంటి లింకుల మీదకే గురిపెట్టింది.

ఇంత జరిగిన తరువాత కూడా మేము పెట్టుకున్న ఆ సంస్థ నెలకు రెండు వందల లింకులు అని లెక్క చూపుతూ వచ్చింది. ఆ లింకులు ఎక్కడివో తీసి చూస్తే కొన్ని విదేశీ జూదం సైట్లు, కొన్ని పెంపుడు జంతువుల మందుల సైట్లు, కొన్ని ఏ భాషో కూడా పోల్చుకోలేనివి. ఒప్పందం ముగిసిన రెండు నెలలకు సైట్ యజమానులకు గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్‌ అనే సాధనంలో మాన్యువల్ యాక్షన్ నోటీసు, అంటే గూగుల్ మనుషులు చూసి వేసే శిక్ష నోటీసు పడింది. మీ సైట్‌కు అసహజమైన లింకులు ఉన్నాయన్నది దాని సారాంశం. ఆ లింకుల జాబితా తయారుచేసి, తీసేయమని ఆయా సైట్లకు మెయిళ్లు రాసి, జవాబు రాని వాటిని, లెక్కలోకి తీసుకోవద్దని గూగుల్‌కు చెప్పే డిసవౌ ఫైలులో పెట్టి, జరిగినదంతా ఒప్పుకుంటూ పునఃపరిశీలనకు అర్జీ పెట్టుకుని, అది ఆమోదం పొందేసరికి ఒక పెళ్లిళ్ల సీజన్ మొత్తం వెళ్లిపోయింది.

అప్పుడు కాని నేను తీరిగ్గా సెర్చ్ కన్సోల్ ముందు కూర్చోలేదు. అది ఉచితం. ఏ మాట వెతికినప్పుడు మన పేజీ ఎన్నిసార్లు కనిపించింది, ఎందరు నొక్కారు, సగటున ఎన్నో స్థానంలో ఉంది అన్నీ అందులో ఉంటాయి. అది చూశాక నాకు అర్థమైన విషయం ఏమిటంటే, కొనేవాళ్లు “ఉత్తమ పోచంపల్లి చీరలు” అని వెతకడం కంటే, “ఇది నిజంగా నేసినదా, ప్రింటు వేసినదా ఎలా గుర్తుపట్టాలి” అన్న సందేహంతోనే ఎక్కువగా వస్తున్నారు. ఆ ప్రశ్నకు మా సైట్‌లో ఒక్క వాక్యం జవాబు కూడా లేదు. మా మామ దగ్గర గంటసేపు చెప్పేంత జవాబు ఉంది. “మనం నేసేది మనకు తెల్సు. గూగుల్‌కు ఎట్ల తెలుస్తది?” అన్నాడు. చెబితేనే తెలుస్తుంది.

ఒక ఆదివారం ఆయన చెబుతుంటే నేను టైపు చేశాను. నూలును ఆసు పోసి, డిజైను గుర్తులు పెట్టి, సైకిల్ ట్యూబు రబ్బరు పట్టీలతో గట్టిగా కట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్లీ కట్టి మరో రంగులో ముంచి, అంతా అయ్యాకే మగ్గం ఎక్కించడం. రంగు దారంలోనే ఉంటుంది కనుక బట్టకు రెండు వైపులా బొమ్మ ఒకే తీరుగా కనిపించడం. దారాలు వెంట్రుకవాసి జరగడం వల్ల బొమ్మ అంచులు కాస్త చెదిరినట్టు ఉండడం. ప్రింటు బట్టకు మాత్రం అంచులు గీత గీసినట్టు ఉండి, వెనుక వైపు రంగు వెలవెలబోవడం. ఇలా దారాన్ని ముందే కట్టి అద్ది నేసేదే ఇక్కత్; పడుగు, పేక రెండింటినీ ఇలా కట్టి అద్దే డబుల్ ఇక్కత్‌కు ధర ఎందుకు అంత ఉంటుందో కూడా చెప్పాడు. ప్రతి చీరకూ ముందువైపు ఫొటోతో పాటు వెనుకవైపు ఫొటో పెట్టి, ఫొటోలో ఏముందో ఫొటోకు జతచేసే ఆల్ట్ టెక్స్ట్ అనే వివరణలో మామూలు మాటల్లో రాశాను. అంతకుముందు ఒక్కో ఫొటో నేరుగా ఫోన్ నుంచి ఎక్కించినది, 5 ఎంబీకి తక్కువ ఉండేది కాదు. ఊళ్లో సిగ్నల్ మీద పేజీ తెరుచుకునేలోగా చాయ్ తాగి రావచ్చు. పేజీలోని ప్రధాన భాగం రెండున్నర సెకన్లలోపు కనిపించాలని గూగుల్ పెట్టుకున్న కొలత. ఫొటోల పరిమాణం తగ్గించగానే మేము ఆ దరిదాపుల్లోకి వచ్చాం. ఆ పేజీ పైకి రావడానికి ఐదు నెలలు పట్టింది. ఆ సమయంలో మేము కొన్న లింకులు సున్నా.

ఇక తెలుగు సంగతి. మన చిన్న వ్యాపారుల సైట్లలో తెలుగు చాలా వరకు సెర్చ్ ఇంజన్‌కు కనిపించని తెలుగు. మా ధరల పట్టికనే తీసుకోండి. డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లతో కొట్టించిన పీడీఎఫ్ అది. మన కంటికి చక్కని తెలుగు. లోపల ఉన్నవి మాత్రం తెలుగు వేషం వేసుకున్న వేరే అక్షరాలు. అందులోని ఒక వాక్యాన్ని కాపీ చేసి వాట్సాప్‌లో పెట్టి చూడండి, పిచ్చి గీతలు వస్తాయి. గూగుల్ చదివేదీ వాటినే. అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్లలో ఉమ్మడి సంకేతాలు ఇచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. అయినా పెళ్లి శుభలేఖ నుంచి దుకాణం కరపత్రం దాకా ఇప్పటికీ పాత ఫాంట్లలో కొట్టించి, దాన్ని ఫొటోగా మార్చి సైట్‌లో పెట్టి, ఆపైన గూగుల్‌లో మనం దొరకడం లేదని బాధపడేవాళ్లను నేను చాలామందిని చూశాను. ఆ పట్టికను మళ్లీ యూనికోడ్‌లో టైపు చేయడానికి నాకు ఒక సాయంత్రం పట్టింది.

పేజీ చిరునామాలో తెలుగు పెట్టాలా వద్దా అన్న దానిపై నేను కొంతకాలం గింజుకున్నాను. “చీర” అనే రెండక్షరాల మాట కాపీ చేసిన లింకులో శాతం గుర్తులతో కలిపి 27 గుర్తులు అవుతుంది. గూగుల్ దాన్ని ఇబ్బంది లేకుండా చదువుతుంది. కానీ వాట్సాప్‌లో అంత పొడవాటి లింకు చూసి వైరస్ అనుకుని మా పెద్దమ్మే తెరవలేదు. చిరునామాలు ఇంగ్లీషు అక్షరాల్లో పొట్టిగా పెట్టి, శీర్షికలు, విషయం తెలుగులో ఉంచాను. అదీగాక వెతికేవాళ్లలో చాలామంది తెలుగు మాటలనే ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు. ఇక్కత్‌కు ఒక “కె” పెట్టేవారు, రెండు పెట్టేవారు. పోచంపల్లి చివర “వై” పెట్టేవారు, “ఐ” పెట్టేవారు. ఇవన్నీ ఒకే మాటకు వేర్వేరు రాతలని గూగుల్‌కు తెలుసు. తెలుగు లిపిలో చీర, చీరలు, చీరల్లో, చీరకు అని మాట రూపం మారినప్పుడు మాత్రం, నేను గమనించినంతవరకు, అంత తెలివి చూపడం లేదు.

గూగుల్ మీద నా ఫిర్యాదు కూడా ఇక్కడే ఉంది. సైట్లలో ప్రకటనలు వేసి రాసేవారికి డబ్బు ఇచ్చే గూగుల్ యాడ్‌సెన్స్ 2018లో తెలుగుకు వచ్చాక తెలుగులో రాసేవారికి నాలుగు డబ్బులు వస్తాయని సంతోషించినవాళ్లలో నేనూ ఒకణ్ణి. దానితో పాటే, పది వాక్యాల వార్తను పది పేజీలుగా సాగదీసి, అసలు సంగతి చివరి దాకా దాచే సైట్లూ వచ్చాయి. ర్యాంకుల కోసమే గుట్టలుగా పేజీలు తయారుచేయడాన్ని నిషేధిస్తూ 2024 మార్చిలో గూగుల్ నియమాలు కఠినం చేసింది. ఇంగ్లీషులో వాటి ఫలితం ఎంతో కొంత కనిపిస్తోందని అంటున్నారు. తెలుగులో వెతికితే ఆ సాగదీత పేజీలే నాకు ఇంకా పైన ఎదురవుతున్నాయి. కాపలాదారు మన వీధికి కూడా రావాలి కదా.

మేము ఎక్కడ ఉన్నామో దాచకుండా చెబుతాను. “పోచంపల్లి చీర” అని వెతికితే మా సైట్ రెండో పేజీలో ఉంది. పైన పెద్ద మార్కెట్ సైట్లు ఉన్నాయి, వాటిలో కొన్ని ప్రింటు బట్టనే ఇక్కత్ పేరుతో అమ్ముతున్నాయి, వాటిని దాటే శక్తి మాకు లేదు, ఎవరో ఫోన్ చేసి 90 రోజుల్లో దాటిస్తామంటే నమ్మే ఓపికా లేదు. ప్రింటుకూ నేతకూ తేడా ఏమిటని తెలుగులో అడిగినవాళ్లకు మాత్రం చాలాసార్లు మొదట మా పేజీయే కనిపిస్తోంది. ఆ పేజీ చదివి ఫోన్ చేసేవాళ్లు బేరం తక్కువ ఆడతారని మా మామ అంటాడు.

పోయిన వారం సెర్చ్ కన్సోల్‌లో తేలియా రుమాలు గురించిన ప్రశ్నలు కొన్ని కనిపించాయి. పుట్టపాకలో నేసే ఈ రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్లలో నానబెట్టే ఆ పద్ధతి గురించి తెలుగులో వివరంగా చెప్పిన పేజీ నాకు దొరకలేదు. మా మామకు పుట్టపాకలో తెలిసిన నేతకారులు ఉన్నారు. వచ్చే ఆదివారం ఇద్దరం బండి మీద వెళ్తున్నాం.