బాత్రూం గడియ గారికి

మహారాజశ్రీ బాత్రూం గడియ గారికి నమస్కరించి రాయునది.

ఉత్తరం అన్నాక ‘ఉభయకుశలోపరి’ అని మొదలుపెట్టాలి. మన ఉభయుల్లో ఒకరికి స్క్రూ వదులైంది, ఇంకొకరికి పేగు వాచింది. అందుకని ఆ ముక్క వదిలేసి విషయంలోకి వస్తాను.

మన పరిచయానికి ఎనిమిదేళ్లు. మామూలు రోజుల్లో నాలుగైదుసార్లు, జబ్బు తిరగబెడితే పదిహేనుసార్లు కలుస్తుంటాం. ఇంట్లోవాళ్లతో కూడా నేనింత క్రమం తప్పకుండా కూర్చోను. ఒక్కోసారి అర్జెంటని పరిగెత్తుకొస్తాను, తీరా చూస్తే ఏమీ ఉండదు. అయినా మీరు ‘మళ్లీ ఎందుకొచ్చావ్’ అని ఒక్కనాడూ అడగలేదు.

ఇంత చనువయ్యాక జబ్బు పేరైనా చెప్పకపోతే బాగుండదు. క్రోన్స్. 1932లో న్యూయార్క్‌లోని మౌంట్ సైనాయ్ ఆస్పత్రికి చెందిన క్రోన్, గింజ్‌బర్గ్, ఓపెన్‌హైమర్ అనే ముగ్గురు డాక్టర్లు దీని మీద వ్యాసం రాశారు. పేర్లు అక్షరక్రమంలో వేయడంతో మొదటాయన పేరే జబ్బుకు అంటుకుపోయింది. వరస తిరగబడి ఉంటే ‘నాకు ఓపెన్‌హైమర్ ఉంది’ అని చెప్పుకునేవాణ్ణి. ఎదుటివాళ్లు అణుబాంబు ఓపెన్‌హైమర్ గుర్తొచ్చి భయపడి కనీసం దారైనా ఇచ్చేవారు. ‘క్రోన్స్’ అంటే మాత్రం ‘అదేంటి, గ్యాసా?’ అంటారు.

గ్యాస్ కాదండీ. కంచే చేను మేసే వ్యవహారం. కాపలా కాయాల్సిన రోగనిరోధక వ్యవస్థ వచ్చి సొంత పేగు మీద పడుతుంది. నోటి నుంచి మలద్వారం దాకా దీనికి ఎక్కడైనా ప్రవేశం ఉంది. నాకైతే చిన్నపేగు చివర, పెద్దపేగులో కలిసేచోట మకాం పెట్టింది. ఓ చోట పుండు, పక్కనే జానెడు శుభ్రమైన పేగు, ఆ తర్వాత మళ్లీ పుండు. గతుకుల రోడ్డుకైనా ఇంకాస్త పద్ధతి ఉంటుంది.

ఈ సంగతి ఎవరికైనా వివరించానా, వెంటనే మందు చెబుతారు: ‘ఇమ్యూనిటీ పెంచుకో!’ బాబూ, అది ఎక్కువై కదా నేనిలా అయ్యాను! దాన్ని అణచడానికే ఎనిమిది వారాలకోసారి చేతికి సూది గుచ్చించుకుని, రెండు గంటలు సెలైన్ స్టాండు కింద కూర్చుంటున్నాను. ఇంకొకరు పీచు బాగా తినమంటారు. పేగు సన్నబడ్డచోట ఆ పీచే అడ్డంపడి ప్రాణం మీదికి తెస్తుందని చెబితే, తమ మాట నేను లెక్కచేయలేదని నొచ్చుకుంటారు. టెన్షన్ వల్లే అని తేల్చేసే వర్గం వేరే ఉంది. వాళ్లతో మాట్లాడాక మాత్రం నిజంగానే టెన్షన్ వస్తుంది.

పైన పటారం, లోన లొటారం అన్న సామెత నా కోసమే పుట్టిందేమో. జబ్బు బాగా ముదిరినప్పుడు స్టెరాయిడ్లు వేశారు. ముఖం గుండ్రంగా ఉబ్బింది. నా జీవితంలో అందరూ నన్ను మెచ్చుకున్నది ఆ మూడు నెలలే. ‘కాస్త ఒళ్లు చేశావు, ముఖంలో కళ వచ్చింది’ అన్నారు. అప్పుడు నేను మెట్లెక్కలేక గోడ పట్టుకుని నిలబడి ఉన్నాను.

బయటికెళ్తే నా కళ్లు మీ చుట్టాల కోసమే వెతుకుతాయి. కొత్తచోట అందరూ కిటికీలు, అలంకారాలు చూస్తారు. నేను మీ ఎర్రరంగు, పచ్చరంగు చూస్తాను. ప్రయాణమంటే నడవ పక్క సీటు, సంచిలో ఇంకో జత బట్టలు, ముందురోజు సాయంత్రం నుంచే ఖాళీ కడుపు. నేను ఉపవాసం ఉండేది భక్తితో కాదని మీకొక్కరికే తెలుసు. ఇంతా చేసి వెళ్తే, తాళం కప్ప మీద ‘సిబ్బందికి మాత్రమే’ అన్న బోర్డు! అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో 2005లో దీనికో చట్టమే చేశారు. ఇలాంటి జబ్బున్నవాళ్లు అడిగితే, కొన్ని షరతులతో, దుకాణాలు సిబ్బంది బాత్రూం వాడుకోనివ్వాలట. గమనించారా, మిమ్మల్ని తియ్యడానికి ఏకంగా శాసనసభ కూర్చోవాల్సి వచ్చింది!

మీటింగుల సంగతి సరేసరి. రెండో ప్రపంచయుద్ధంలో, 1944లో, ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరాన సేనల్ని దింపిన ఐసెన్‌హోవర్‌కూ ఈ జబ్బే. అమెరికా అధ్యక్షుడిగా ఉండగానే, 1956 జూన్‌లో, పేగుకు అడ్డంకి వచ్చి ఆపరేషన్ అయింది. నవంబరులో జనం మళ్లీ ఆయన్నే గెలిపించారు. నేను మాత్రం మీటింగు మధ్యలో రెండుసార్లు లేచాను. ఏడాది చివర నా పనితీరు కాగితంలో ‘చర్చల పట్ల ఆసక్తి తక్కువ’ అని రాశారు. అధ్యక్ష పదవికి ప్రయత్నించి ఉండాల్సింది.

నిజం చెప్పెయ్యొచ్చు కదా అంటారేమో. గుండెజబ్బువాడు ఛాతీ మీద చెయ్యి వేసుకుంటే నలుగురూ లేచి కుర్చీ ఇస్తారు. నేను కడుపు పట్టుకుంటే నలుగురూ నవ్వాపుకుంటారు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని పెద్దలన్నారు. నా కడుపు సర్జన్ గారు చించనే చించారు, అడుగు పొడవు పేగు కోసి, మిగతాది కుట్టారు. కాళ్ల మీద ఏమీ పడలేదు. బి12 విటమిన్ను ఒంట్లోకి తీసుకునే ముక్క ఆ కోతలో పోయింది కాబట్టి ఇంజెక్షన్లు మాత్రం మీదపడ్డాయి. ఇంత జరిగినా, సెలవు చీటీలో ఇప్పటికీ ‘జ్వరం’ అనే రాస్తున్నాను.

పొగుడుతున్నానని మురిసిపోకండి, మీ మీద ఫిర్యాదులూ ఉన్నాయి. మీ జాతిలో సగంమంది పడరు, పడ్డవాళ్లు తెరుచుకోరు. ఒక చేత్తో తలుపు లాగిపట్టుకుని, ఒక కాలు దానికి అడ్డంపెట్టి కూర్చునే విద్య నాకు ఎవరూ నేర్పలేదు, మీవాళ్లే నేర్పారు. యోగా కేంద్రాల్లో ఆ ఆసనానికి ఇంకా పేరు పెట్టినట్టు లేరు.

మొన్నటి సంగతి చెప్పి ముగిస్తాను. ఎనిమిది వారాల మందు ఎక్కించుకునే రోజు. సగం సీసా అయ్యిందో లేదో పేగు పిలిచింది. చేతికి గొట్టం, గొట్టానికి స్టాండు. దాన్ని ఈడ్చుకుంటూ వార్డు బాత్రూంలోకి దూరాను. స్టాండు చక్రం గడప దగ్గర ఇరుక్కుంది. తలుపు బెత్తెడు దూరంలో ఆగిపోయింది. మీవాడు గాల్లో వేలాడుతూ చోద్యం చూస్తున్నాడు.

అప్పుడు బయటనుంచి ఒక చెయ్యి వచ్చి తలుపు తెరుచుకోకుండా పట్టుకుంది. పక్క కుర్చీలో మందెక్కించుకుంటున్న పెద్దావిడ. ఆవిడ స్టాండు కూడా ఆవిడతోనే వచ్చింది, చక్రాల చప్పుడు విన్నాను. ‘తొందరేం లేదు బాబూ’ అంది. నేను బయటికొచ్చేసరికి పది నిమిషాలు పట్టింది. ఆవిడ అటు తిరిగి, ఒక చేత్తో తలుపు, ఒక చేత్తో స్టాండు పట్టుకుని అలాగే నిలబడి ఉంది. నేను థాంక్స్ చెప్పేలోపే స్టాండు నా చేతిలో పెట్టింది.

‘కాస్త ఇది పట్టుకో. ఇప్పుడు నా వంతు.’

ఇట్లు,
మీ నిత్య సందర్శకుడు

తా.క.: మీ కింది స్క్రూ ఆదివారం బిగిస్తాను. అంతవరకు ఊడిరాకండి.