హోంవర్క్ ఎగ్గొట్టే వీరుల తరఫున ఒక వకాల్తా

రెండో తరగతి పిల్లవాడు హోంవర్క్ చేయకుండా బడికొచ్చాడంటే, వాణ్ణి బెంచీ ఎక్కించే ముందు ఒక్క సంగతి గమనించాలి. వాడు కేంద్ర ప్రభుత్వ విధానాన్ని తు.చ. తప్పకుండా అమలు చేస్తున్నాడు. 2020లో వచ్చిన స్కూల్ బ్యాగ్ విధానం రెండో తరగతి దాకా అసలు హోంవర్కే వద్దంది. మూడు నుంచి ఐదు దాకా వారానికి రెండు గంటలు మించొద్దంది. వారానికండీ, రాత్రికి కాదు. ఆరు నుంచి ఎనిమిది దాకా రోజుకో గంట. లెక్కల సారు ఒక గంట, సైన్సు మేడమ్ ఒక గంట, ఇంగ్లిష్ టీచరు ఒక గంట పని ఇస్తే, అందులో రెండు ఎగ్గొట్టిన ఏడో తరగతి కుర్రాడు సర్కారు గీసిన గీతలోనే ఉన్నట్టు లెక్క. అన్నీ చేసుకొచ్చినవాణ్ణే పిలిచి విచారించాలి.

పాపం, పిల్లలకు ఈ విధానం సంగతి తెలియదు. పాత సాకులతోనే నెట్టుకొస్తున్నారు. ఆ రంగమూ బాగా దెబ్బతింది. ఒకప్పుడు "కరెంటు పోయింది సార్" అంటే క్లాసు క్లాసంతా సాక్ష్యం చెప్పేది. ఇన్వర్టర్లొచ్చి ఆ సాకు పోయింది. "ఏమిచ్చారో తెలియదు టీచర్" అందామంటే క్లాస్ వాట్సాప్ గ్రూపులో ఫోటో పడి ఉంటుంది. నోటుబుక్కు మర్చిపోయానంటే నాన్న బైకు మీద తెచ్చి గేటు దగ్గర ఇచ్చిపోతాడు. ఇక మిగిలింది తాతగారి మరణం. ఎంత పొదుపుగా వాడినా ఇద్దరు తాతలే కదా.

చేసుకొచ్చేవాళ్ల సంగతి చూద్దాం. రాత్రి పదకొండింటికి థర్మకోల్ మీద సౌరకుటుంబాన్ని అతికిస్తున్నది ఎవరు? పిల్లవాడు పడుకుని గంటైంది. శనిగ్రహం చుట్టూ వలయం నిలబడక, వేళ్లకంటిన ఫెవికాల్ గిల్లుకుంటూ విసుక్కుంటున్నది వాళ్లమ్మ. పొద్దున ఎనిమిదింటికి ఆవిడకు ఆఫీసు కాల్ ఉంది. ఆ ఓపిక లేనివాళ్ల కోసం స్టేషనరీ షాపులో రెడీమేడ్ ప్రాజెక్టులు వేలాడుతుంటాయి. లెక్కలు ట్యూషన్ మాస్టారివి, తెలుగు వ్యాసం చాట్‌జీపీటీది. ఐదో తరగతి పిల్ల "బహుముఖ ప్రజ్ఞాశాలి" అని రాసుకొస్తే టీచరు ఎర్ర సిరాతో రైటు కొడుతుంది, చదవకుండానే. గుట్టలా పేరుకున్న పుస్తకాలన్నీ ఒక్క పీరియడ్‌లో దిద్దాలి మరి. ఫీజు కట్టిన నాన్నేమో పేరెంట్స్ మీటింగ్‌లో "హోంవర్క్ ఇంకాస్త పెంచండి మేడమ్" అంటాడు. ఇంతమందిలో ఖాళీ పేజీ చూపించినవాడొక్కడే తన పని తాను చూపించాడు. తిట్లు మాత్రం వాడికే.

శిక్షల్లోనూ మనం వెనకబడ్డాం. వీధిబడుల కాలంలో కోదండం ఉండేది, దూలానికి కట్టిన తాడు పట్టించి వేలాడదీసేవారు. ఆపైన గోడకుర్చీ, తొడపాశం. 2009 నాటి విద్యాహక్కు చట్టం, 17వ సెక్షన్‌లో, కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ కలిపే నిషేధించింది. "దండం దశగుణం భవేత్" అన్న శ్లోకానికి ఉద్యోగం పోయింది. మిగిలింది ఇంపోజిషన్. ఒక్కసారి రాయని జవాబును యాభైసార్లు రాయించడం. అప్పు కట్టలేనివాడికి యాభై రెట్లు అప్పిచ్చే బ్యాంకు ఎక్కడైనా ఉందా?

మరి టీచర్లేం చేయాలి? ముందు తమ హోంవర్క్ గుర్తు తెచ్చుకోవాలి. సర్కారు బడిలో హాజరు యాప్‌లో ఎక్కించాలి, మధ్యాహ్న భోజనం లెక్కా అంతే. ఆంధ్రప్రదేశ్‌లోనైతే కొన్నాళ్లు మరుగుదొడ్ల ఫోటోలు కూడా మాస్టార్లే తీసి పెట్టారు. అందులో ఏదైనా ఆగిపోతే మాస్టారు చెప్పే జవాబు "సర్వర్ డౌన్ సార్." మండల విద్యాధికారి ఎంఈఓ గారు నమ్ముతారు, కనీసం నమ్మినట్టుంటారు. అంత మర్యాదా "కరెంటు పోయింది"కి కూడా ఇస్తే సరి.

ఆ తర్వాత ఖాళీ పేజీ తెచ్చినవాణ్ణి ఎక్కడ ఆగిపోయావురా అని అడగాలి. చాలాసార్లు లెక్క అర్థం కాలేదనీ, ఇంట్లో చెప్పేవాళ్లు లేరనీ తేలుతుంది. మరీ మామూలు జవాబు కాబట్టి దీన్నెవరూ పట్టించుకోరు.

సౌరకుటుంబం తెచ్చినవాణ్ణి మాత్రం వదలకూడదు. శని చుట్టూ ఆ వలయం దేనితో ఏర్పడిందో అడగాలి. చెప్పలేకపోతే మార్కులు కష్టపడినవాళ్లకే వేయాలి, ప్రోగ్రెస్ కార్డులో తల్లి పేరు ఎదురుగా పదికి తొమ్మిది. వలయం కాస్త వంకర కాబట్టి ఒకటి కోత. ఆవిడ పేరెంట్స్ మీటింగ్‌కొచ్చి "పక్క ఫ్లాటు వాళ్లకి పదికి పది ఎలా వేశారండీ?" అని నిలదీస్తుంది. టీచరు తడబడకుండా చెప్పాలి: "వాళ్లది షాపులో కొన్నదండీ. ఫినిషింగ్ బాగుంది."