సవరణ: వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్‌లో టెంట్ వేసుకోవచ్చని రాశాను, అది తప్పు

ఉత్తరాఖండ్‌లోని వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్ నేషనల్ పార్క్ గురించి మొన్న రాసినప్పుడు రెండు పొరపాట్లు చేశాను. అది చూసి ఎవరైనా టికెట్లు తీసుకునే లోపే సరిచేయాలి.

మొదటిది, లోయలో రాత్రి బస చేయనివ్వరు. లోయకు దగ్గర్లో ఉన్న ఘాంఘరియా అనే ఊళ్లోనే గది తీసుకుని, పొద్దున్నే పర్మిట్‌తో లోపలికి వెళ్లి, సాయంత్రంలోగా బయటికి వచ్చేయాలి, మళ్లీ చూడాలంటే మర్నాడు మళ్లీ నడవాల్సిందే. కంచర గాడిదలు కూడా ఘాంఘరియా దాకానే, కాబట్టి మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను తీసుకెళ్లేవాళ్లు ఇది ముందే ఆలోచించుకోండి.

రెండోది, జూన్‌లో వెళ్లమన్నాను. పార్క్ జూన్ 1న తెరుస్తారన్న మాట నిజమే కానీ అప్పటికి దారిలో ఇంకా మంచు ఉంటుంది, పూలు తక్కువ. లోయ నిండా పూలు చూడాలంటే జులై మధ్య నుంచి ఆగస్టు మధ్య దాకా వెళ్లాలి. అది వానాకాలం, జోషీమఠ్ వైపు కొండచరియలు విరిగిపడి రోడ్డు మూసుకుపోతుంటుంది, అందుకే తిరుగు ప్రయాణానికి కనీసం రెండు రోజులు అదనంగా ఉంచుకోండి.

బ్రహ్మకమలాలు చూడాలనుకునేవాళ్లు మాత్రం ఘాంఘరియా నుంచే వెళ్లే హేమకుండ్ సాహిబ్ (సిక్కుల గురుద్వారా) దారి ఎక్కండి. 4 వేల మీటర్లు దాటిన ఎత్తు అది, నిదానంగా నడవండి.