ఇంత ప్రేమగా ఉత్తరం రాసేవాణ్ణి అనుమానిస్తారా?

అసలు కంపెనీకి ఫోన్ చేస్తే ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అని తిప్పితిప్పి, చివరికి సంగీతం వినిపించి వదిలేస్తుంది. దాని పేరుతో మెయిల్ పంపి మోసం చేసే నకిలీవాడు అలాంటివాడు కాదు. అడక్కుండానే అర్ధరాత్రి ఉత్తరం రాస్తాడు: 'మీ మెయిల్‌బాక్స్ నిండిపోయింది. 24 గంటల్లో ధ్రువీకరించకపోతే ఖాతా తొలగిస్తాం.' మన బాగోగులు ఇంతగా పట్టించుకునేవాణ్ణి శంకించడం ఏం ధర్మం?

జీమెయిల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ. అది నిండితే కొత్త మెయిళ్లు రావడం ఆగుతుంది. పరిమితి దాటి రెండేళ్లు అలాగే ఉంటే గానీ గూగుల్ ఉన్నవాటి జోలికి రాదు. అసలు యజమానికి రెండేళ్ల ఓపిక ఉంటే, ఈయనకి మాత్రం ఒక్క పూటకే ముచ్చెమటలు. నిండిందో లేదో మనమే ఖాతాలోకి వెళ్లి చూసుకోవచ్చుగా అని కొందరు మొండివాళ్లు అంటారు. ఆయన అంత శ్రమపడి నీలం బొత్తాం తయారుచేసి పంపితే, నొక్కకుండా పక్కదారిన వెళ్లడం మర్యాదేనా?

ఇక పేరు సంగతి. పంపినవారి దగ్గర 'గూగుల్ సపోర్ట్' అని కనిపిస్తుంది. ఆ చోట ఎవరైనా ఏదైనా రాసుకోవచ్చు. దాని మీద నొక్కితేనే అసలు చిరునామా బయటపడుతుంది. మనవాళ్లు బోల్తా పడేది సరిగ్గా ఇక్కడే. మన పేర్లలో ఇంటిపేరు ముందుంటుంది, ఇంటర్నెట్‌లో చివరుంటుంది. 'గూగుల్ డాట్ కామ్ డాట్ మెయిల్‌సేవ డాట్ టాప్'లో గూగుల్ ముద్దుపేరు మాత్రమే. ఇంటిపేరు 'మెయిల్‌సేవ డాట్ టాప్'. లింకైతే ఫోన్‌లో వేలు కాసేపు నొక్కిపట్టండి, పూర్తి విలాసం కనిపిస్తుంది. మొదట్లోని జంట స్లాష్‌లు దాటాక వచ్చే తొలి స్లాష్ దగ్గర ఆగి, అక్కణ్ణుంచి వెనక్కి చదవాలి. ఇంగ్లిష్ చిన్నబడి ఆర్, ఎన్ పక్కపక్కన నిలబడితే ఎమ్‌లా కనిపిస్తాయి కాబట్టి, కళ్లజోడు మరిచిన రోజు వాళ్లకి పండగే. బ్యాంకులన్నీ 2025 అక్టోబర్ 31కల్లా బ్యాంకులకు మాత్రమే ఇచ్చే 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' చిరునామాలకు మారాలని రిజర్వ్ బ్యాంక్ ఆదేశించి, పాపం, వీళ్ల పొట్ట కొట్టింది.

'తాళం బొమ్మ ఉందిగా!' అంటారు. మీరూ ఆ ఇంటివాడూ మాట్లాడుకునేది మూడోవాడు వినడని దాని అర్థం. ఆ ఇల్లు దొంగది కాదని ఎవరూ చెప్పలేదు.

'ఓటీపీ కాపాడుతుందిగా' అన్నది ఇంకో ధీమా. మీరు నకిలీ పేజీలో కొట్టిన ఆరంకెలను అది క్షణాల్లో అసలు సైటుకు అందిస్తుంది, మీ తరఫున ఆయన లోపలికి వెళ్తాడు. పాస్‌వర్డ్ బదులు వేలిముద్రతోనో ఫోన్ తాళంతోనో లోపలికి వెళ్లే పాస్‌కీతో ఈ పప్పులుడకవు, అది అసలు డొమైన్‌తో, అంటే సైటు ఇంటిపేరుతో ముడిపడి ఉంటుంది. పాస్‌వర్డ్‌లు దాచిపెట్టి తనే నింపే పాస్‌వర్డ్ మేనేజర్ కూడా ఇంటిపేరు కలవకపోతే పెదవి విప్పదు. అలా అది మౌనం వహించినప్పుడు 'పాడైపోయినట్టుంది' అని విసుక్కుని, పాస్‌వర్డ్ వెతికి మరీ చేత్తో కొట్టే శ్రద్ధాళువులు మనలో కొల్లలు.

డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. సొమ్ము నాలుగు ఖాతాలు దాటకముందే ఆపగలిగేది ఆ తొలి గంటల్లోనే. ఖాతా మాత్రమే పోతే అందరూ పాస్‌వర్డ్ మార్చి దణ్ణం పెట్టుకుంటారు. అన్ని పరికరాల నుంచీ సైన్ అవుట్ చేయరు, రికవరీ నంబర్ మారిందేమో చూడరు. సెట్టింగ్స్‌లో ఫార్వర్డింగ్, ఫిల్టర్లు అనే రెండు అరలున్నాయని చాలామందికి తెలియనే తెలియదు. ఆయన వాటిని సర్దే వెళ్తాడు: బ్యాంకు హెచ్చరికలు నేరుగా చెత్తబుట్టకి, మిగతా ఉత్తరాల నకలు తన చిరునామాకి. మీరు తీరిక లేక తెరవని మెయిళ్లు కూడా అక్కడ ఒకరు ఓపిగ్గా చదువుతుంటారు.